పవర్‌పాయింట్‌తో కుస్తీ పట్టకుండా ఆఫీసు ప్రెజెంటేషన్ చేయడం ఎలా?

"రేపు పొద్దున్నే రివ్యూ. మ్యాటరంతా ఉంది, స్లైడ్లే కుదరడం లేదు. ఏం చేయాలి?" నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అడిగేవాళ్ళు మారుతుంటారు, బాధ మాత్రం మారదు. ఒక లైను కలిపితే అక్షరాలు చిన్నవైపోతాయి. ఒక బొమ్మ జరిపితే పక్కనున్నది ఎటో వెళ్ళి కూర్చుంటుంది. పక్క టీమ్ పంపిన నాలుగు స్లైడ్లు అతికిస్తే వాళ్ళ రంగులు, వాళ్ళ ఫాంట్లు కూడా వెంట వచ్చేస్తాయి. రాత్రి పదకొండింటికి కూర్చుని బాణం గుర్తును కాస్త పైకి, మళ్ళీ కాస్త కిందికి జరుపుతుంటారు. అసలు మీటింగులో ఏం చెప్పాలో అప్పటికి ఇంకా ఆలోచించనే లేదు.

తిట్టుకోవడం న్యాయమే. కాకపోతే ఈ చికాకులో ఎక్కువ భాగం రెండు అలవాట్ల వల్ల వస్తుంది. ఏం చెప్పాలన్నది స్లైడు మీదే ఆలోచించడం ఒకటి. ప్రతి స్లైడునూ విడివిడిగా చేత్తో ముస్తాబు చేయడం రెండోది. ఆలోచన ముందే వేరే చోట అయిపోవాలి. ముస్తాబు ఒక్క చోట, ఒక్కసారి జరగాలి. కింద చెప్పే పద్ధతంతా దీనికోసమే.

కావలసినవి

- కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసిన పవర్‌పాయింట్. బ్రౌజర్‌లో తెరుచుకునేది వద్దు, దాంట్లో కింద చెప్పే మెనూలు కొన్ని ఉండవు.
- వర్డ్.
- కంపెనీకి టెంప్లేట్ (రంగులు, ఫాంట్లు, లోగో ముందే అమర్చిన ఖాళీ ఫైలు) ఉంటే దాని అసలు ఫైలు. పోయిన నెల ఎవరో చేసిన ప్రెజెంటేషన్‌ని టెంప్లేట్ అనుకోకండి. అందులో అందరూ చేత్తో చేసిన మార్పులుంటాయి.
- అంకెలున్న ఎక్సెల్ ఫైలు.
- చివర్లో చూసుకోవడానికి ఇంకో కంప్యూటర్ గానీ, ఫోన్ గానీ.

మెనూ పేర్లు ఇంగ్లిష్ వెర్షన్‌లో ఎలా ఉంటాయో అలాగే రాస్తున్నాను. మ్యాక్‌లో కొన్ని వేరే చోట ఉండొచ్చు, పేర్లు చాలావరకు ఇవే.

1. స్లైడ్లు అసలు కావాలా?

ఇది ముందే తేల్చుకోండి. వారం వారం ఇచ్చే స్టేటస్, ఎవరి పని ఎంతవరకు వచ్చిందన్న లిస్టు, ఒక నిర్ణయం కోసం అడిగే అనుమతి. వీటికి ఒక పేజీ నోట్ చాలు. నలుగురూ చదువుకుని వస్తే మీటింగ్ కూడా త్వరగా తెములుతుంది. అమెజాన్‌లో జెఫ్ బెజోస్ 2004లోనే పెద్ద మేనేజర్ల మీటింగుల్లో పవర్‌పాయింట్ ఆపేయించి, పూర్తి వాక్యాలతో రాసిన నోట్ తెమ్మన్నారు. మీటింగ్ మొదట్లో అందరూ కూర్చుని దాన్ని మౌనంగా చదవడం అక్కడ పద్ధతి అయింది.

మీ బాస్ ఒప్పుకోరని తెలుసు. నేరుగా "స్లైడ్లు వద్దు" అంటే ఎవరూ ఒప్పుకోరు కూడా. ఇలా అడిగి చూడండి: "సార్, వివరాలన్నీ ఒక పేజీలో రాసి ముందు రోజే పంపిస్తాను. మీటింగ్‌లో రెండు చార్టులు మాత్రం చూపిస్తాను. సరిపోతుందా?" చాలాసార్లు సరేనంటారు. ఎందుకంటే ముప్పై స్లైడ్లు చూడటం వాళ్ళకీ సరదా కాదు.

గ్రాఫులు, ఫొటోలు, డిజైన్లు చూపించాలన్నా, ఎక్కువమంది ఉన్న హాల్లో మాట్లాడాలన్నా స్లైడ్లు కావాలి. అప్పుడు ముందుకు వెళ్ళండి.

2. వర్డ్‌లో రాయండి

పవర్‌పాయింట్ తెరవకండి. వర్డ్‌లో ఖాళీ పేజీ తీసుకుని ప్రతి స్లైడుకూ ఒక హెడ్డింగ్ రాయండి. ఆ హెడ్డింగ్ పూర్తి వాక్యమై ఉండాలి. విషయం పేరు రాస్తే చాలదు, విషయం ఏమైందో రాయాలి.

ఉదాహరణకు, మామూలుగా ఇలా రాస్తాం: "కస్టమర్ కంప్లయింట్స్ – అప్‌డేట్". చూసేవాళ్ళకు దీంతో ఏమీ తెలియదు. దాన్ని ఇలా మార్చండి: "కంప్లయింట్లు పెరగలేదు, ఒక్కోటి తేల్చడానికి పట్టే టైమ్ రెట్టింపైంది". తర్వాతి స్లైడు: "ఆలస్యమంతా రాత్రి షిఫ్టులోనే జరుగుతోంది". ఆ తర్వాత: "రాత్రి షిఫ్టుకు ఇంకో ఇద్దరిని ఇస్తే పాత స్థితికి వస్తాం". మూడు హెడ్డింగులు వరసగా చదివితే చాలు, మీరు ఏం అడగడానికి వచ్చారో అర్థమైపోతుంది. కింద పాయింట్లు ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు.

హెడ్డింగ్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, పని ఒత్తిడిలో ఉన్న పెద్దవాళ్ళు అదొక్కటే చదువుతారు. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు చనిపోయిన కొలంబియా స్పేస్ షటిల్ (అంతరిక్ష నౌక) ప్రమాదం మీద విచారణ జరిపిన బోర్డు, తన నివేదికలో ఒక పవర్‌పాయింట్ స్లైడును ప్రత్యేకంగా విమర్శించింది. షటిల్ ఇంకా కక్ష్యలో ఉండగానే, రెక్కకు తగిలిన ఫోమ్ ముక్క గురించి ఇంజనీర్లు మేనేజర్లకు చూపించిన స్లైడ్లలో అదొకటి. దాని హెడ్డింగ్ ధైర్యం చెప్పేలా ఉంది. తగిలిన ముక్క, పరీక్షల్లో వాడిన ముక్క కంటే వందల రెట్లు పెద్దదన్న సంగతి మాత్రం అట్టడుగున, చిన్న పాయింటుగా ఉంది.

ఇక ఫార్మాటింగ్ విషయంలో ఒక్కటే నియమం. స్లైడు హెడ్డింగ్‌కు వర్డ్‌లో "హెడ్డింగ్ 1" స్టైల్ ఇవ్వండి. దాని కింద పాయింట్లకు "హెడ్డింగ్ 2". పాయింటు కింద ఉప పాయింటు తప్పనిసరైతే "హెడ్డింగ్ 3". అంతకంటే కిందికి దిగాల్సి వస్తే ఆ విషయం స్లైడుది కాదు, నోట్‌ది. మీరు నోటితో చెప్పబోయే వివరణను మామూలు "నార్మల్" స్టైల్‌లో రాసుకోండి. అది స్లైడు మీదికి రాదు, తర్వాత స్పీకర్ నోట్స్‌లో (స్లైడు కింద మాట్లాడేవాళ్ళు రాసుకునే చోటు) పేస్ట్ చేసుకోవచ్చు.

*చెక్ చేసుకోవడం:* వర్డ్‌లో వ్యూ → నావిగేషన్ పేన్ టిక్ పెట్టండి. ఎడమ పక్కన హెడ్డింగులన్నీ వరసగా కనిపిస్తాయి. హెడ్డింగ్ 1లు మాత్రమే పైనుంచి కిందికి చదవండి. మధ్యలో ఎక్కడైనా "అయితే ఏంటి?" అనిపిస్తే ఆ స్లైడు తీసేయొచ్చు. లేదా దాని హెడ్డింగ్ ఇంకా కుదరలేదని అర్థం.

3. స్లైడ్ మాస్టర్ సరిచేయండి

అసలు పని ఇక్కడుంది. నిదానంగా చేయండి. ఒకసారి చేసుకుంటే మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు.

వ్యూ → స్లైడ్ మాస్టర్ నొక్కండి. ఎడమ పక్కన అన్నిటికంటే పైన ఒక పెద్ద బొమ్మ, దాని కింద వరసగా చిన్న బొమ్మలు కనిపిస్తాయి. పెద్దది మాస్టర్, చిన్నవి లేఅవుట్లు, అంటే ఒక్కో రకం స్లైడుకు అచ్చులు. పెద్దదాంట్లో మార్చినది కింద ఉన్నవాటన్నిటికీ వెళ్తుంది. చిన్నదాంట్లో మార్చినది ఆ ఒక్క లేఅవుట్‌కే. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. స్లైడ్ మాస్టర్ నొక్కగానే పవర్‌పాయింట్ మిమ్మల్ని చాలాసార్లు ఏదో ఒక లేఅవుట్ మీద నిలబెడుతుంది. అక్కడే ఫాంట్ మార్చేసి "మాస్టర్‌లో మార్చాను, ఒక్క స్లైడులోనే మారింది" అంటుంటారు. ముందు పైకి స్క్రోల్ చేసి పెద్ద బొమ్మ మీద క్లిక్ చేయండి.

ఇప్పుడు వరసగా:

- ఫాంట్లు: స్లైడ్ మాస్టర్ ట్యాబ్‌లోనే ఫాంట్స్ → కస్టమైజ్ ఫాంట్స్. హెడ్డింగ్‌కు ఒకటి, మిగతా మ్యాటర్‌కు ఒకటి. రెండూ ఒకటే అయినా నష్టం లేదు.
- హెడ్డింగ్ బాక్స్: సైజు 28, ఎడమకు అలైన్. హోమ్ ట్యాబ్‌లోని అలైన్ టెక్స్ట్‌లో "టాప్" ఎంచుకోండి. ఇది మిడిల్‌లో ఉంటే ఒక లైను హెడ్డింగ్ ఒకచోట, రెండు లైన్ల హెడ్డింగ్ ఇంకోచోట మొదలవుతుంది. స్లైడు మారినప్పుడల్లా హెడ్డింగ్ ఎగిరినట్టు కనిపించేది అందుకే.
- మ్యాటర్ బాక్స్: మొదటి స్థాయి 22 లేదా 24, రెండోది 18 లేదా 20.
- అక్షరాలు వాటంతటవే చిన్నవైపోయే జబ్బు: బాక్స్ మీద రైట్ క్లిక్ → ఫార్మాట్ షేప్ → టెక్స్ట్ ఆప్షన్స్ → టెక్స్ట్ బాక్స్‌లో "డు నాట్ ఆటోఫిట్" పెట్టండి. ఆ తర్వాత ఫైల్ → ఆప్షన్స్ → ప్రూఫింగ్ → ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లో "ఆటోఫార్మాట్ యాజ్ యు టైప్" ట్యాబ్‌కు వెళ్ళి ఆటోఫిట్ అన్న రెండు టిక్కులూ తీసేయండి. ఇక మ్యాటర్ ఎక్కువైతే బాక్స్ దాటి కిందికి కారుతుంది. చూడటానికి బాగోదు, అదే మంచిది. ఎక్కువ రాశానని వెంటనే తెలుస్తుంది. ఆటోఫిట్ ఆ తప్పును దాచిపెట్టి, ఆరో పాయింటు దగ్గర 24 ఉన్న సైజును 20కి, ఎనిమిదో పాయింటు దగ్గర ఇంకా కిందికి లాక్కుపోతుంది. వెనక వరసలో కూర్చున్నవాళ్ళు కళ్ళు చికిలించేది అప్పుడే.
- లోగో: మాస్టర్ మీద ఒక్కసారి పెట్టండి. ప్రతి స్లైడు మీదా విడిగా అతికించకండి.
- లేఅవుట్లు: టైటిల్ స్లైడ్, టైటిల్ అండ్ కంటెంట్, టూ కంటెంట్, టైటిల్ ఓన్లీ. ఈ నాలుగూ ఉంచి మిగతావి డిలీట్ చేయండి. డిలీట్ కాకపోతే ఏదో స్లైడు దాన్ని వాడుతోందని అర్థం.

పని అయ్యాక క్లోజ్ మాస్టర్ వ్యూ నొక్కి, సేవ్ యాజ్‌లో "పవర్‌పాయింట్ టెంప్లేట్" రకం ఎంచుకుని సేవ్ చేయండి.

స్లైడు నంబర్ల గురించి విడిగా చెప్పాలి. మాస్టర్‌లో నంబరు గుర్తు కనిపిస్తుంది, స్లైడ్ల మీద మాత్రం రాదు. ఇన్సర్ట్ → స్లైడ్ నంబర్ నొక్కి, టిక్ పెట్టి, "అప్లై టు ఆల్" నొక్కితేనే వస్తుంది. చేత్తో ఒక్కో స్లైడు మీద 1, 2, 3 అని టైప్ చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మధ్యలో ఒక స్లైడు తీసేస్తే అదంతా వృథా.

*హెచ్చరిక:* కంపెనీ టెంప్లేట్ అయితే రంగులు, ఫాంట్లు, లోగో ముట్టుకోకండి. ఆటోఫిట్ ఆపడం, హెడ్డింగ్‌ను టాప్‌కు మార్చడం, వాడని లేఅవుట్లు తీసేయడం వరకు ఎవరూ ఏమీ అనరు.

*తెలుగులో స్లైడ్లు చేసేవాళ్ళకు:* గుడులు, వత్తులు పైకీ కిందికీ పోతాయి కాబట్టి లైన్ స్పేసింగ్ కాస్త పెంచండి, 1.1 గానీ 1.2 గానీ. నిర్మలా యూఐ ఫాంట్ విండోస్ 8 నుంచీ సిస్టమ్‌తో పాటే వస్తోంది, కాబట్టి వేరే విండోస్ కంప్యూటర్‌లో తెరిచినా ఇబ్బంది ఉండదు. డీటీపీ వాళ్ళ పాత నాన్-యూనికోడ్ ఫాంట్లలో టైప్ చేసిన మ్యాటర్‌ని మాత్రం నేరుగా అతికించకండి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అది అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలుగా కనిపిస్తుంది. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోండి.

4. వర్డ్ నుంచి స్లైడ్లలోకి

వర్డ్ ఫైల్ సేవ్ చేసి మూసేయండి. తెరిచి ఉంటే పవర్‌పాయింట్ కొన్నిసార్లు తీసుకోదు. టెంప్లేట్‌తో కొత్త ప్రెజెంటేషన్ తెరిచి, హోమ్ → న్యూ స్లైడ్ కింది చిన్న బాణం → "స్లైడ్స్ ఫ్రమ్ అవుట్‌లైన్" నొక్కి ఆ వర్డ్ ఫైల్ ఎంచుకోండి. ప్రతి హెడ్డింగ్ 1కీ ఒక స్లైడు తయారవుతుంది.

మొదటిసారి చూసి కంగారు పడకండి. వర్డ్‌లోని నీలం రంగు, వర్డ్ ఫాంటు కూడా వెంట వస్తాయి. ఎడమ పక్కన ఉన్న స్లైడ్ల వరసలో క్లిక్ చేసి కంట్రోల్+ఎ నొక్కండి. హోమ్ → లేఅవుట్‌లో "టైటిల్ అండ్ కంటెంట్" ఎంచుకుని, ఆ పక్కనే ఉన్న "రీసెట్" నొక్కండి. అన్నీ ఒక్కసారిగా మాస్టర్ రూపంలోకి వచ్చేస్తాయి. ఈ ఒక్క బటన్ తెలియక గంటలు గంటలు పాడు చేసుకుంటున్నవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉన్నారు.

హెడ్డింగులు మాత్రమే వచ్చి పాయింట్లు రాలేదంటే, వర్డ్‌లో పాయింట్లకు హెడ్డింగ్ 2 ఇవ్వడం మర్చిపోయారు. మామూలు బుల్లెట్లు పెడితే చాలదు, స్టైలే ముఖ్యం. మీరు కావాలని ఖాళీగా వదిలిన లైనుకు హెడ్డింగ్ 1 స్టైల్ ఉంటే ఖాళీ స్లైడు కూడా రావచ్చు.

ఇక నుంచి ఒకటి గుర్తుంచుకోండి. మ్యాటర్ ఎప్పుడూ లేఅవుట్‌లో వచ్చే బాక్సుల్లోనే టైప్ చేయాలి. ఇన్సర్ట్ → టెక్స్ట్ బాక్స్‌తో గీసుకున్న బాక్సులు మాస్టర్ మాట వినవు. రీసెట్ కూడా వాటిని ముట్టుకోదు. చార్టు పక్కన చిన్న గమనికకు వాడితే సరే గానీ, హెడ్డింగ్ కోసం వాడారంటే ముందుముందు తిప్పలే.

5. ఎక్సెల్ చార్టులు (ఇక్కడ జాగ్రత్త)

ఎక్సెల్‌లో కాపీ చేసి పవర్‌పాయింట్‌లో పేస్ట్ చేసినప్పుడు మూలన ఒక చిన్న పేస్ట్ గుర్తు వస్తుంది. దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తాం. అసలు సంగతంతా దాంట్లోనే ఉంది.

మామూలుగా పేస్ట్ చేస్తే చార్టు మీ కంప్యూటర్‌లోని ఎక్సెల్ ఫైలుకు లింక్ అవుతుంది. ఆ ఫైల్ పేరు మార్చినా, వేరే ఫోల్డర్‌కు జరిపినా లింక్ తెగిపోతుంది. మీటింగ్‌లో ఎవరో "ఈ అంకె మార్చి చూపించండి" అంటే లింక్ చేసిన ఫైల్ దొరకలేదని మెసేజ్ వస్తుంది.

"ఎంబెడ్ వర్క్‌బుక్" ఎంచుకుంటే లింక్ గొడవ ఉండదు, దానికంటే పెద్ద ప్రమాదం ఉంటుంది. మీరు కాపీ చేసింది ఒక్క చార్టే అయినా మొత్తం వర్క్‌బుక్, అంటే అందులోని షీట్లన్నీ ప్రెజెంటేషన్‌లోకి వచ్చి కూర్చుంటాయి. మీ స్లైడు అందుకున్నవాళ్ళు చార్టు మీద రైట్ క్లిక్ చేసి "ఎడిట్ డేటా" అంటే చాలు. పక్క షీట్‌లో ఎవరి జీతాలో, ఏ క్లయింట్‌కు ఎంత డిస్కౌంట్ ఇచ్చారో ఉంటే అవి కూడా వాళ్ళ చేతికి వెళ్ళినట్టే.

కాబట్టి రెండే దారులు. అంకెలు ఇక మారవనుకుంటే "పిక్చర్"గా పేస్ట్ చేయండి. మారే అవకాశం ఉంటే పవర్‌పాయింట్‌లోనే ఇన్సర్ట్ → చార్ట్ నొక్కి, తెరుచుకునే చిన్న షీట్‌లో ఆ చార్టుకు కావలసిన అంకెలు మాత్రమే వేయండి. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, నిశ్చింతగా ఉండొచ్చు.

*చెక్ చేసుకోవడం:* ఫైల్ → ఇన్ఫో తెరవండి. కుడి పక్కన కింద "ఎడిట్ లింక్స్ టు ఫైల్స్" అని కనిపిస్తే ఇంకా ఎక్కడో లింక్ ఉంది. పిక్చర్ కాని ప్రతి చార్టు మీదా ఒకసారి "ఎడిట్ డేటా" కొట్టి, తెరుచుకున్నదాంట్లో ఎన్ని షీట్లున్నాయో చూడండి.

6. ఇతరుల స్లైడ్లు కలపడం

నలుగురు నాలుగు ముక్కలు పంపితే వాటిని కుట్టే పని మీ నెత్తిన పడుతుంది. పేస్ట్ చేసినప్పుడు "యూజ్ డెస్టినేషన్ థీమ్" ఎంచుకోండి. "కీప్ సోర్స్ ఫార్మాటింగ్" ఎంచుకుంటే స్లైడుతో పాటు వాళ్ళ మాస్టర్ కూడా మీ ఫైల్లోకి దిగుతుంది. ఇలా నాలుగు నెలలు గడిస్తే ఫైల్లో ఎవరివో తెలియని మాస్టర్లు పోగవుతాయి.

అతికించాక ఒకసారి స్లైడ్ మాస్టర్ తెరిచి చూడండి. పేరుకు ముందు "1_" తగిలించిన లేఅవుట్లు కనిపిస్తే, మీ దగ్గర ఆ పేరుతో లేఅవుట్ లేక వాళ్ళది వెంట వచ్చిందని అర్థం. ఆ స్లైడ్లను మీ లేఅవుట్‌లోకి మార్చి, రీసెట్ కొట్టి, "1_" వాటిని తీసేయండి.

ఇంతకంటే మంచి దారి ఉంది. వాళ్ళను స్లైడ్లు పంపొద్దనండి. హెడ్డింగ్, మూడు పాయింట్లు, అంకెలు మెయిల్‌లో పంపమనండి. "మీకెందుకు శ్రమ, ఫార్మాటింగ్ నేను చూసుకుంటా" అంటే కాదనేవాళ్ళు ఉండరు.

ఫైల్ పేర్ల విషయం కూడా ఇక్కడే. "ఫైనల్", "ఫైనల్ 2", "ఫైనల్ లేటెస్ట్" అన్నవి ఆపేసి, షేర్డ్ డ్రైవ్‌లో ఒకే ఫైల్ పెట్టండి. వన్‌డ్రైవ్‌లో గానీ షేర్‌పాయింట్‌లో గానీ ఉంటే పాత రూపాలు ఫైల్ → ఇన్ఫో → వెర్షన్ హిస్టరీలో ఉంటాయి. మెయిల్‌లోనే తిప్పాల్సి వస్తే పేరు ముందు సంవత్సరం, నెల, తేదీ ఆ వరసలో పెట్టండి. ఫోల్డర్‌లో వాటంతటవే వరసగా అమరుతాయి.

7. పంపేముందు పరీక్షలు

అన్నీ కలిపి పది నిమిషాల పని.

వ్యూ → అవుట్‌లైన్ వ్యూ తెరవండి. స్లైడు మీద కనిపించే మ్యాటర్ ఏదైనా ఇక్కడ కనిపించలేదంటే అది బయటి టెక్స్ట్ బాక్స్‌లో ఉంది. హెడ్డింగే కనిపించకపోతే ఆ స్లైడును వెంటనే సరిచేయండి.

తర్వాత మొదటి స్లైడు మీద నిలబడి పేజ్ డౌన్ కీని గబగబా నొక్కుతూ పోండి. చదవకండి, హెడ్డింగ్ మొదటి అక్షరం మీదే చూపు ఉంచండి. అది ఎక్కడ ఎగిరితే అక్కడ ఎవరో చేత్తో జరిపారన్నమాట. రీసెట్.

హోమ్ → రీప్లేస్ పక్కన బాణం → రీప్లేస్ ఫాంట్స్ తెరిచి లిస్టు చూడండి. మీరు పెట్టినవి రెండే అయితే అక్కడ ఏడు కనిపించకూడదు. అక్కర్లేనివాటిని అక్కడినుంచే మీ ఫాంట్‌లోకి మార్చొచ్చు.

వ్యూ → గ్రేస్కేల్ పెట్టి చార్టులు చూడండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా మీదే అర్థం ఆధారపడి ఉంటే అది ఇక్కడ మాయమవుతుంది. రంగులు సరిగా కనిపించనివాళ్ళు మీటింగ్‌లో ఉండొచ్చు, బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీసుకునేవాళ్ళూ ఉండొచ్చు. గీతల పక్కనే పేర్లు రాయండి.

ఆఖరిది, ఫోన్‌లో తెరవండి. ఫాంట్ మారిపోయి లైన్లు విరిగిపోతే, అవతలివాళ్ళ కంప్యూటర్‌లోనూ అలా జరగొచ్చు. ఫైల్ → ఆప్షన్స్ → సేవ్‌లో "ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్" టిక్ పెడితే చాలావరకు సర్దుకుంటుంది. అన్ని ఫాంట్లకూ ఆ అనుమతి ఉండదు, ఫైల్ సైజు కూడా పెరుగుతుంది.

8. పంపడం, చూపించడం

చదువుకోవడానికి పంపేది పీడీఎఫ్ చేయండి. ఫాంట్ల గొడవ ఉండదు, ఎవరూ అంత తేలిగ్గా మార్చలేరు, ఎంబెడ్ అయిన ఎక్సెల్ కూడా వెళ్ళదు. యానిమేషన్లు పెట్టి ఉంటే పీడీఎఫ్‌లో ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి, అదొక్కటి చూసుకోండి.

పవర్‌పాయింట్ ఫైలే పంపాలంటే ముందు ఒక కాపీ తీసి, ఆ కాపీ మీద ఫైల్ → ఇన్ఫో → చెక్ ఫర్ ఇష్యూస్ → ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నడపండి. కామెంట్లు, స్పీకర్ నోట్స్, స్లైడు అంచు బయట మర్చిపోయిన బొమ్మలు బయటపడతాయి. "ఈ పాయింట్ దగ్గర క్లయింట్ అడిగితే మాట మార్చాలి" అని నోట్స్‌లో రాసుకుని అదే క్లయింట్‌కు పంపిన ఘనులున్నారు. ఇందులో తీసేసినవి మళ్ళీ తిరిగి రాకపోవచ్చు, అందుకే కాపీ మీద చేయమన్నది.

ఫైల్ బరువెక్కితే ఏదైనా ఫొటో మీద క్లిక్ చేసి పిక్చర్ ఫార్మాట్ → కంప్రెస్ పిక్చర్స్. "ఈ ఫొటోకే" అన్న టిక్ తీసేసి, "డిలీట్ క్రాప్డ్ ఏరియాస్" టిక్ ఉంచండి. మీరు క్రాప్ చేసిన భాగం కంటికి కనిపించకపోయినా ఫైల్లో అలాగే ఉంటుంది. స్క్రీన్‌షాట్‌లో సగం దాచి పంపేవాళ్ళు ఇది తప్పకుండా చేయాలి.

చూపించేటప్పుడు షిఫ్ట్+ఎఫ్5 నొక్కితే ఉన్న స్లైడు నుంచే మొదలవుతుంది. ఎవరైనా వెనక్కి వెళ్ళమంటే ఆ స్లైడు నంబరు టైప్ చేసి ఎంటర్ కొట్టండి, ఒక్కొక్కటీ తిప్పుకుంటూ వెళ్ళక్కర్లేదు. చర్చ నడుస్తున్నప్పుడు కీబోర్డ్‌లో బి నొక్కితే స్క్రీన్ నల్లబడుతుంది, అందరూ మీ వైపు తిరుగుతారు. వీడియో కాల్‌లో చూపిస్తుంటే స్లైడ్ షో → సెటప్ స్లైడ్ షోలో "బ్రౌజ్డ్ బై యాన్ ఇండివిడ్యువల్" ఎంచుకోండి. స్లైడ్లు ఒక విండోలో నడుస్తాయి, ఆ విండో ఒక్కటే షేర్ చేయొచ్చు. మీ చాట్ మెసేజీలు నలుగురికీ కనిపించే టెన్షన్ ఉండదు.

పాడైన పాత ఫైలే చేతికొస్తే?

"కొత్తగా చేసే వీల్లేదు, యాభై స్లైడ్ల పాత ఫైలే అప్‌డేట్ చేయమన్నారు" అనేవాళ్ళు చాలామంది. అన్నీ బాగుచేయాలని కూర్చోకండి. ముందు కాపీ తీసుకోండి. రీప్లేస్ ఫాంట్స్‌తో ఫాంట్లు రెండుకు తగ్గించండి. అన్ని స్లైడ్లూ ఎంచుకుని రీసెట్ కొట్టండి. సగానికి సగం ఇక్కడే కుదురుతాయి, కొన్ని ఇంకా చెడిపోతాయి. చెడిపోయినవంటే చేత్తో కట్టినవన్నమాట. కంట్రోల్+జెడ్‌తో వెనక్కి వచ్చి, వాటిని వదిలేసి మిగతావాటికి రీసెట్ చేయండి. చేత్తో కట్టినవాటిలో ఈసారి మీటింగ్‌లో నిజంగా చూపించేవి ఏవో చూసి వాటిని మాత్రం కొత్త లేఅవుట్‌లో మళ్ళీ టైప్ చేయండి. మిగతావి రైట్ క్లిక్ → హైడ్ స్లైడ్. ఎవరూ అడగకపోతే వచ్చే నెల డిలీట్ చేసేయండి.

పవర్‌పాయింటే లేకపోతే

గూగుల్ స్లైడ్స్‌లో మాస్టర్‌కు సమానమైనది వ్యూ → థీమ్ బిల్డర్. వర్డ్ ఫైల్ నుంచి నేరుగా స్లైడ్లు చేసే మెనూ అందులో లేదు, హెడ్డింగులు చేత్తో పేస్ట్ చేసుకోవాలి. కలిసి ఎడిట్ చేయడానికి మాత్రం అదే సుఖం. లిబ్రె ఆఫీస్ వాడేవాళ్ళు రైటర్‌లో హెడ్డింగులు పెట్టుకుని ఫైల్ → సెండ్ → "అవుట్‌లైన్ టు ప్రెజెంటేషన్" నొక్కితే ఇంప్రెస్‌లో స్లైడ్లు తయారవుతాయి. మాస్టర్ అక్కడ వ్యూ → మాస్టర్ స్లైడ్‌లో ఉంటుంది. ఒకదాంట్లో చేసి ఇంకోదాంట్లో చూపించాలంటే మాత్రం పీడీఎఫ్ ఒకటి జేబులో ఉంచుకోండి.